విశ్రాంతిలో ఉన్న దారి

నా ఉద్యోగం ఏమిటని ఎవరైనా అడిగితే చాలా ఏళ్ళపాటు సరిగ్గా చెప్పలేకపోయాను. ఫ్యాక్టరీల్లో మిషన్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడానికి కేబుళ్ళు వేస్తానంటే, మిషన్లకి మాటలేటి అని నవ్వేవారు. నెట్‌వర్క్ ఇంజనీరునంటే, అయితే ఇదోసారి చూడు అని పాడైపోయిన సెల్‌ఫోను చేతిలో పెట్టేవారు. చివరికి మా అక్క ఒక మాట కనిపెట్టింది. "ఒక వైరు తెగితే ఇంకో వైరుండేలాగ సూస్తాడు మా తమ్ముడు" అనేది. విజయనగరంలో మా వీధంతా అదే చెప్పుకుంది. నా విజిటింగ్ కార్డు మీద అచ్చేసిన దానికన్నా ఇదే నయం.

అక్క ఆ మాట సరదాకి అనలేదు. దాని వెనక మా బావ ఉన్నాడు.

బావ సాలూరు రోడ్డులో ఒక తవుడు నూనె ఫ్యాక్టరీలో ఆపరేటరు. బియ్యం మిల్లుల నుంచి తవుడు లారీల్లో వస్తుంది. పెట్రోలులాంటి ద్రావకం ఒకటి పోసి అందులోంచి నూనె లాగుతారు, ఆ తర్వాత ఆవిరి పట్టించి ద్రావకాన్ని వెనక్కి తీస్తారు. ఈ పని జరిగే షెడ్డుని అక్కడ అందరూ ప్లాంటు అంటారు. బావ కంట్రోల్ రూములో కూర్చుని తెర మీద నొక్కితే ప్లాంటులో ఆవిరి వాల్వు తెరుచుకుంటుంది, నొక్కితే మూసుకుంటుంది. బాగానే ఉంది. కానీ ఆ తెరకీ ప్లాంటుకీ మధ్య ఉన్నది ఒకే ఒక్క కేబులు. అది తెగిందంటే తెర బూడిద రంగులోకి పోతుంది, ఎవరో ఒకరు మాస్కు తగిలించుకుని లోపలికెళ్ళి వాల్వుని చేత్తో తిప్పాలి. ఆ ఎవరో ఒకరు ప్రతిసారీ మా బావే అయ్యేవాడు. ఎవర్నీ వెళ్ళమని అనలేడు, అందుకని తనే వెళ్ళేవాడు.

తుఫానుకి విశాఖలో చెట్లన్నీ పడిపోయిన మరుసటేడు, బస్తాలు మేడలా పేర్చుకొచ్చిన లారీ ఒకటి, పైన వేలాడుతున్న ఆ కేబుల్ని కొసతో తగిలించుకుని గేటు దాకా ఈడ్చుకుపోయింది. తెర పోయింది. బావ లోపలికెళ్ళాడు. వాల్వు బిగుసుకుపోయి ఉంది. అది తిప్పేసరికి మాస్కు జారిపోయింది, వాసన తలకెక్కింది. ఇద్దరు భుజాల మీద వేసుకుని బయటికి తెచ్చారు. ఆస్పత్రిలో మంచం మీద పడుకుని, పక్కనున్న నాతో "వాల్వయితే మూసీసాన్రా" అన్నాడు. నాకు నవ్వాలో ఏడవాలో తెలీలేదు.

అక్కకి ఆ సందేహం లేదు. బయట వరండాలో నా చొక్కా పట్టుకుంది.

"ఒరే, నానేటంతన్నానో ఇను. నీకు సదువుంది. ఆ వైరు తెగినా మీ బావ లోపలికెల్లక్కర్నేకుండా సెయ్యి. ఇంకేటీ వొద్దు నాకు."

"అక్కా, అది మా కంపెనీకి పని వస్తే గానీ..."

"కంపెనీ గింపెనీ నాకు తెల్దు. సేత్తావా, సెయ్యవా?"

చేస్తానన్నాను. మా అక్కకి చెయ్యనని చెప్పినవాణ్ణి నేనింతవరకూ చూడలేదు.

ఆ లారీ దెబ్బకి ఫ్యాక్టరీ యజమానీ భయపడ్డాడు కాబట్టి పని మా కంపెనీకే వచ్చింది. నేను వేయాల్సింది చుట్టు కేబులు, మా భాషలో రింగు. కంట్రోల్ రూము నుంచి బాయిలరుకి, బాయిలరు నుంచి ప్లాంటుకి, ప్లాంటు నుంచి రిఫైనరీకి, అక్కణ్ణుంచి మళ్ళీ కంట్రోల్ రూముకి. అంటే ప్లాంటుకి రెండు వైపుల నుంచీ దారి ఉంటుంది. బావకి అర్థమయ్యేలా చెప్పాలని, "సాలూరు ఘాటులో కొండ విరిగి పడితే మీ లారీలవాళ్ళు ఏం చేస్తారు?" అని అడిగాను.

"పార్వతీపురం మీంచి తిరిగెల్తారు."

"ఇదీ అంతే."

"మరి రెండు దార్లూ ఒకేపాలి తెరిసీసి ఉంచొచ్చు కదేటి?"

మంచి ప్రశ్నే. ఉంచకూడదు. చుట్టు కదా, ఒకసారి బయల్దేరిన కబురు ఆగకుండా అలా తిరుగుతూనే ఉంటుంది, వెనక ఇంకోటి, దాని వెనక ఇంకోటి, కాసేపట్లో ఎవరికీ దారి లేకుండా పోతుంది. అందుకని ఒక చోట గేటు వేసి ఉంచుతాం. ఎక్కడైనా కేబులు తెగిన మరుక్షణం గేటు దానంతటదే ఎత్తుకుంటుంది, కబుర్లు వెనక వైపు నుంచి వెళ్తాయి. తెర చూస్తున్నవాడికి తెలియను కూడా తెలీదు. ఇదంతా విని బావ, "తెగినట్టు తెలీకపోతే మరి బాగు సెయ్యడం ఎలగరా?" అన్నాడు. అప్పుడు తెర మీద ఎర్రగా రాస్తుంది, సైరను మోగుతుంది అని చెప్పాను. ఈ మాట గుర్తుపెట్టుకోండి, దీనితో పనుంది.

కేబుళ్ళు వేయించడంలో నా తల ప్రాణం తోకకొచ్చింది. అక్కడి సూపర్‌వైజరు మంచివాడే, కానీ కష్టం తప్పించే ఆలోచన ఎక్కడ కనిపించినా వదలడు. ఒక రోజు నేను టీ తాగొచ్చేసరికి కందకంలో ఒకే గొట్టం వేయించి, రానూ పోనూ దారులు రెండూ అందులోనే దూర్పించేశాడు.

"రెండూ ఒకే గొట్టంలో ఉంటే తవ్వేవాడు ఒక్క పోటుతో రెండూ తెంపుతాడు కదయ్యా!"

"రెండుపాలి తవ్వడం ఎందుకని బాబూ. పనైపోద్ది కదా."

"రెండు కాళ్ళూ ఒకే చెప్పులో పెట్టి నడుస్తావేటి నువ్వు?"

ఊరికే అరిచాను గానీ అతనికేం పట్టలేదు. మొత్తం పీకించి, బాయిలరు వైపు కేబుల్ని భూమిలో, రిఫైనరీ వైపు కేబుల్ని పైపుల మీదుగా పైన వేయించాను. కిందా పైనా ఒకేసారి పోవాలంటే భూకంపం రావాలి అనుకున్నాను. భూకంపం కాకుండా ఇంకేం రావచ్చో అప్పటికి నాకు తెలీదు.

ఇప్పుడు యజమాని గురించి చెప్పాలి. అందరూ ఆయన్ని సావుకారు గారు అనేవారు. విజయనగరం బజారులో తాతల నాటి నూనె కొట్టు, అందులోంచే ఈ ఫ్యాక్టరీ పుట్టింది. మెత్తని మనిషి. పనివాళ్ళ పెళ్ళిళ్ళకి స్వయంగా వెళ్ళేవాడు. రామతీర్థం వెళ్ళొస్తే ఫ్యాక్టరీ అంతటికీ ప్రసాదం పంచేవాడు. ఆయనకి ఒకటే పట్టింపు. ఆయన కొట్టులో అశుభం మాట పలకకూడదు. సరుకు అయిపోతే లేదనకూడదు, నిండుకుంది అనాలి. దీపం ఆరితే కొండెక్కింది అనాలి. రాత్రి కొట్టు మూస్తున్నాం అనకూడదు, కట్టేస్తున్నాం అనాలి. ఇందులో వింతేం లేదు, మా ఇంట్లోనూ డబ్బాలో బియ్యం నిండుకున్నాయనే అంటుంది అక్క. కాకపోతే సావుకారు గారు ఆ పట్టింపుని ఫ్యాక్టరీకి కూడా పట్టుకొచ్చాడు. అక్కడ మోటారు కాలిపోయినా, వేడెక్కి పక్కకి జరిగింది అని చెప్పాలి.

పరీక్షకి ఆయనే ముహూర్తం పెట్టించాడు. పంతులు గారు కొబ్బరికాయతో, సావుకారు గారు పట్టుపంచెతో, వెనక సూపర్‌వైజరూ, బావా, తెర మీద బొమ్మలు గీయడానికి విశాఖ నుంచి వచ్చిన కుర్రాడూ నిలబడ్డారు. తెర మీద ప్లాంటు పచ్చగా కనిపిస్తోంది. నేను వెళ్ళి ఒక కేబుల్ని పీకేశాను. తెర కదల్లేదు, మెదల్లేదు, అంకెలు అలాగే నడుస్తున్నాయి. నాకు కళ్ళు చెమర్చినంత పనైంది. బావ వైపు చూశాను, పళ్ళన్నీ కనిపించేలా నవ్వుతున్నాడు.

సావుకారు గారు నిరాశపడ్డాడు. "ఏమీ జరగలేదేం నాయనా?"

"ఏమీ జరక్కూడదనే కదండీ ఇదంతా."

సరిగ్గా అప్పుడు సైరను మోగింది. కంట్రోల్ రూము అదిరిపోయింది. తెర నెత్తిన ఎర్రటి పట్టీ మీద 'రింగ్ ఫెయిల్' అని వెలిగి ఆరుతోంది. పంతులు గారి చేతిలో కొబ్బరికాయ జారి నేల మీద పడింది, పగల్లేదు. అది ఇంకా అశుభమట. సావుకారు గారి మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఆపండి! ముహూర్తం పెట్టుకుని ఏమిటా ఏడుపు? ఏమిటా రాత?"

నేను కేబులు తిరిగి పెట్టేసరికి సైరను ఆగింది. కానీ ఆయన ఆగలేదు. ఫెయిలన్న మాట తన తెర మీద ఉండకూడదన్నాడు. ఎరుపూ వద్దు. ఆ ఏడుపు అసలే వద్దు. విశాఖ కుర్రాడు చెప్పినవాడు చెప్పినట్టు చేసే రకం. అక్కడికక్కడే కూర్చుని సావుకారు గారిని అడిగి అడిగి మార్చేశాడు. సైరను బదులు మూడుసార్లు గుడిగంట. ఎర్ర పట్టీ బదులు పచ్చ పట్టీ. దాని మీద అందమైన తెలుగు అక్షరాల్లో, 'ఒక దారి విశ్రాంతిలో ఉన్నది'.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. అరవకూడదనుకుంటూనే అరిచాను.

"సావుకారు గారూ, పాముని పురుగంటాం, సరే. పురుగే కదా అని చేత్తో పట్టుకోం కదండీ!"

"చిన్నవాడివి నాయనా నువ్వు. మాట ఊరికే పోదు. పలికిందే జరుగుతుంది."

విశాఖలో మా బాసుకి ఫోను చేశాను. రింగు పనిచేస్తోందా అని అడిగాడు. చేస్తోందన్నాను. మరింక నీ బాధేమిటన్నాడు. ఆ ఫోనుని గోడకేసి కొట్టాలనిపించింది గానీ అది నా సొంతం.

ఇంకో పని కూడా జరిగింది, అది నాకు తర్వాత తెలిసింది. దారులు రెండయ్యాయి కదా, ఇక లోపలికి వెళ్ళే అవసరమేముంది అని కంట్రోల్ రూము గోడకి తగిలించి ఉన్న మాస్కు పెట్టెని తీసి స్టోరులో పెట్టి తాళమేశారు. వాడని వస్తువు గోడ మీద దుమ్ము పట్టిపోవడం సావుకారు గారి కొట్టు పద్ధతి కాదు. బావ అడ్డు చెప్పలేదు సరికదా, తనే మోసుకెళ్ళి ఇచ్చాడు. "మా బావమరిది రెండు దార్లేసాడు, మనకింక లోపలికెల్లే పన్నేదు" అని వచ్చిన ప్రతి లారీ డ్రైవరుకీ చెప్పేవాడట. అక్క నాకు చేపల పులుసు వండి పెట్టి, పక్కన కూర్చుని వడ్డించింది. మా అక్క పక్కన కూర్చుని వడ్డించడమంటే మాటలు కాదు.

తర్వాత నేను వేరే ఊళ్ళలో వేరే ఫ్యాక్టరీల పనుల మీద తిరిగాను. మరుసటి వేసవిలో ఒక మధ్యాహ్నం బొబ్బిలి దగ్గర ఒక ప్యానెల్లో తల దూర్చి ఉండగా అక్క ఫోను చేసింది.

"ఒరే, మీ బావ మల్లీ లోపలికెల్లాడంట్రా."

అంతే అంది. నేను స్క్రూ డ్రైవరు కూడా పక్కన పెట్టకుండా బండెక్కాను. దారంతా ఒకటే మాట, ఎలా, ఎలా, రెండు దారులుండగా ఎలా అని. బావకి ఏమైనా అయితే అక్క మొహం ఎలా చూడాలి అన్నది అంతకన్నా పెద్దగా వినిపిస్తోంది.

ఫ్యాక్టరీ గేటు లోపల కాలవ కోసం తవ్వుతున్న జేసీబీ ఆగి ఉంది. దాని పళ్ళకి నా కేబులు వేలాడుతోంది. బావ తవుడు బస్తాల మీద కూర్చుని ఉన్నాడు. కళ్ళు నిప్పుల్లా ఉన్నాయి, మెడకి తడి తువ్వాలు, కాళ్ళ దగ్గర వాంతి చేసుకున్న ఆనవాలు. స్టోరు తాళం చెవి ఉన్నవాడు భోజనానికి వెళ్ళాడు. మాస్కు లేక ఆ తువ్వాలే ముక్కుకి చుట్టుకుని లోపలికెళ్ళాడు. నన్ను చూసి చెయ్యి ఎత్తాడు, మాట రాలేదు. ఊపిరి పీల్చినప్పుడల్లా లోపలెక్కడో ఈల వేసినట్టు వినిపిస్తోంది. డాక్టరు కోసం కారు వెళ్ళిందన్నారు.

నేను కంట్రోల్ రూములోకి వెళ్ళాను. షిఫ్టులో ఉన్న పెద్దాయన్ని అడిగాను, జేసీబీ తెంపింది ఒకటే కదా, రెండో దారి ఏమైందని.

"అదా బాబూ? అది విశ్రాంతిలో ఉన్నాది."

"ఎప్పట్నుంచి?"

"దీపాలి పండగ ముందర్నుంచి."

రిఫైనరీ వైపు పైన వేసిన కేబుల్ని పందికొక్కు కొరికేసింది. తవుడు ఫ్యాక్టరీలో పందికొక్కులకేం తక్కువ? కొరికిన రోజున గంట మూడుసార్లు మోగింది. షిఫ్టులో ఉన్నవాళ్ళు దణ్ణం పెట్టుకున్నారు. పచ్చ పట్టీ వచ్చింది. ఆవేళ నుంచీ తెర నెత్తిన అది చల్లగా వెలుగుతూనే ఉంది, కింద అంకెలన్నీ బాగానే నడుస్తూ ఉన్నాయి. మా బావ కూడా దాని కిందే కూర్చుని రోజూ డ్యూటీ చేశాడు.

"మరి నాకో మాట చెప్పొద్దా?"

"విశ్రాంతే కదా బాబూ. లేపడమెందుకనీ."

ఆయన్ని ఏమని తిట్టను? తెర మీద ఉన్నదే ఆయన చదివాడు. నాకు ఒళ్ళు మండిపోయి, ఆ మంటని ఎవరి మీద పోయాలో తెలీక, కుర్చీని ఒక తన్ను తన్నాను. నా బొటనవేలు వాచింది.

బయటికొచ్చేసరికి అక్క ఆటోలోంచి దిగుతోంది. సావుకారు గారు అప్పటికే బావ పక్కన నిలబడి స్వయంగా గొడుగు పడుతున్నాడు. తను మాత్రం ఎండలోనే ఉన్నాడు, ఆ మాట చెప్పకపోతే అన్యాయం. అక్క ముందు బావ దగ్గరికెళ్ళింది. గడ్డం పట్టుకుని మొహం ఇటూ అటూ తిప్పి చూసింది. గుండెల మీద చెవి పెట్టి ఆ ఈల వింది. తర్వాత నా వైపు తిరిగింది. ఏమైందని అడిగింది. నేను మొత్తం చెప్పాను, పందికొక్కు, గంట, పచ్చ పట్టీ, దాని మీద ఏం రాసుందో అదీ.

అక్క అరవలేదు. నేను అరిచేస్తుందేమో అని చూస్తున్నాను.

"సావుకారు బాబూ," అంది. "మా ఆయన లోపలే పడిపోయుంటే ఏటని రాసుందురు, బోర్డు మీద? విశ్రాంతిలో ఉన్నాడనా?"

"అలాంటి మాటనకమ్మా. అశుభం."

"నాననకపోతే ఇంకెవులంతారు బాబూ? ఆ మాట అనాల్సింది నానే కదా."

సావుకారు గారి చేతిలో గొడుగు పక్కకి వాలిపోయింది, బావ మీద ఎండ పడింది. డాక్టరు కారు వచ్చి బావని ఎక్కించుకునేదాకా ఆయన అలాగే నిలబడ్డాడు.

బావ కోలుకున్నాడు. ఆ ఈల మాత్రం చలికాలంలో ఇప్పటికీ ఒక్కోసారి వినిపిస్తుంది. అది వినిపించినప్పుడు అక్క టీవీ సౌండు తగ్గించి వింటుంది, మళ్ళీ పెంచుతుంది.

రెండు కేబుళ్ళూ కొత్తవి వేశాను, పైదానికి ఈసారి ఉక్కు తొడుగు వేయించాను. మాస్కు పెట్టె మళ్ళీ గోడెక్కింది, దానికి తాళం లేదు. మాస్కుకి పట్టీలు మార్పించాను. విశాఖ కుర్రాణ్ణి పిలిపించి తెర ముందు కూర్చోబెట్టి, ఏం మాట పెట్టమంటారని సావుకారు గారిని అడిగాను. ఆయన చాలాసేపు తెర వైపు చూసి, "మీ అక్కకి అర్థమయ్యే మాట పెట్టు నాయనా" అన్నాడు. ఎర్ర పట్టీ పెట్టించాను. దాని మీద 'దారి తెగింది. వెంటనే బాగు చెయ్యండి' అని. గంట తీసేసి సైరను పెట్టించాను, బజారు దాకా వినిపించేది. సావుకారు గారు గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగి, "శుక్రవారాలు మాత్రం..." అని మొదలుపెట్టాడు. నేను ఆయన వైపు చూశాను. "అబ్బే, ఏం లేదు" అని వెళ్ళిపోయాడు.

మళ్ళీ ఏడాది గడిచింది. ఒక శుక్రవారం ఉదయం నెల్లిమర్లలో టిఫిను చేస్తుంటే ఫోను మోగింది. సావుకారు గారు. వెనకాల సైరను చెవులు చిల్లులు పడేలా మోగుతోంది.

"నాయనా... అదీ... మన దారి ఒకటి..."

ఆగాడు. నేను సాయం చెయ్యలేదు. చెయ్యకూడదని కాదు, ఆయన నోటితో వినాలని ఉంది. ఫోనులో సైరను, దాని ఇవతల ఆయన ఊపిరి.

"తెగింది నాయనా," అన్నాడు. "తెగిపోయింది. తొందరగా రా."

ఇడ్లీ వదిలేసి వెళ్ళాను. కంట్రోల్ రూములో తెర నెత్తిన ఎర్రగా వెలిగి ఆరుతోంది, కింద ప్లాంటు అంకెలన్నీ తాపీగా నడుస్తున్నాయి. మాస్కు గోడకే ఉంది. బావ కుర్చీలో వెనక్కి వాలి, చెవుల్లో దూది పెట్టుకుని ఉప్మా తింటున్నాడు. నన్ను చూసి, "అంత పరిగెత్తుకొచ్చీసావేట్రా? ఏటీ అవనేదు కదా!" అని గట్టిగా అరిచాడు.

అంతలో అక్క ఫోను. సైరను వాళ్ళింటి దాకా వినిపించి ఉండదు, ఎవరో చెప్పి ఉంటారు.

"ఏటైందిరా?"

"వైరు తెగింది అక్కా."

"మీ బావ?"

"కూకున్నాడు."



"అలగే కూకోమను," అని ఫోను పెట్టేసింది.